రావద్దని రాసిన శుభలేఖ

1942వ సంవత్సరం, ఫాల్గుణ మాసం. మొయినాబాద్ దాటాక, గండిపేట చెరువు నీళ్లు కనిపించే మిట్ట మీద మా రాజావారి తోట బంగళా ఉండేది. సంస్థానం అసలు ఊరు చాలా దూరం. పట్నం నుంచి పెద్దవాళ్లు మోటార్లలో రావడానికి వీలుగా ఉంటుందని తమ ఒక్కగానొక్క కూతురి పెళ్లి ఆయన ఇక్కడే పెట్టుకున్నారు. చుట్టుపక్కల కొన్ని ఊళ్లు ఆయన జాగీరులోవే. మా ఎంకపల్లి అందులో ఒకటి. నేను ఆయన కచేరీలో లెటర్ క్లర్కును. మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లిషు, మౌల్వీసాబు దగ్గర నేర్చుకున్న ఉర్దూ, కొంచెం గర్వపడేంత చక్కని దస్తూరి, ఇవే నా ఆస్తి.

పెళ్లికి పిలవడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఈనాటి వాళ్లు నవ్వుతారు. రాజుల ఇళ్లలో అది కత్తి మీద సామే. నిజాం సర్కారు అధికారులకు ఉర్దూలో రుఖా వెళ్లాలి. రుఖా అంటే చేత్తో రాసిన పిలుపు. దాని మొదట్లో వచ్చే బిరుదులను అల్కాబ్ అంటారు, అందులో ఒక్కటి తగ్గినా ఆ అధికారి పదేళ్లు గుర్తు పెట్టుకుంటాడు. ఇంగ్లిషు దొరలకు అచ్చు కార్డు. బంధువులకైతే ఇంటి మనిషే వెళ్లి అక్షింతలు చేతిలో పెట్టి రావాలి. ఎవరి కుర్చీ ఎవరి కంటే ముందుండాలో చెప్పే ప్రిసిడెన్స్ లిస్టు తయారు చేయడం కూడా నా పనే.

అన్నీ సాఫీగా సాగుతుండగా పెళ్లికొడుకు తండ్రి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన కోస్తా జమీందారు, ఖద్దరు కట్టే మనిషి. "మీ ప్రాంతంలో వెట్టికి వ్యతిరేకంగా సభలు పెడుతున్న వకీలుగారిని పెళ్లిలో కలుసుకోవాలని ఉంది" అని రాశారు. వెట్టి అంటే దొర కబురు పంపగానే ఇంటికొకరు సొంత పని వదిలి వెళ్లి, కూలి లేకుండా చాకిరీ చేయడం. ఆ వకీలుగారి వెనక పోలీసులు తిరుగుతున్న రోజులవి. పిలిస్తే సర్కారుకు కోపం, పిలవకపోతే వియ్యంకుడికి కోపం. రాజావారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

దివాన్ పంతులుగారు ఉపాయం చెప్పారు. "అచ్చు కార్డు మీద పేరు రాసి క్లర్కుతోని పంపుదాం. అక్షింతలొద్దు, రుఖా వద్దు. మర్యాద తెలిసినవాడు గనక తానే రాడు. పిలిచినమన్న మాట మనకు దక్కుతది."

ఆ కార్డు మీద పేరు రాసింది నేనే. రాస్తున్నంతసేపూ నా మనసు ఎంకపల్లిలో ఉంది. పెళ్లి వంటలకు చెరువు నుంచి నీళ్లు మోసే పని మా బాపుకు వేశారు, తొమ్మిది రోజులు. మా చేనులో జొన్న కోతకొచ్చి నిలబడి ఉంది. కిందటేడు సరిగ్గా ఇదే సమయంలో ఒక అధికారి వేట డేరాలకు బాపును పట్టుకుపోయారు, ఆ వారంలోనే చెడగొట్టు వాన పడి పంటంతా నేలపాలైంది. ఈసారీ పోతే ఇంట్లో తిండి ఉండదు. నేనేమో అదే బంగళాలో కుర్చీ మీద కూర్చుని జీతం తీసుకునేవాణ్ణి. ఈ సంగతి నోరు విప్పి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

వకీలుగారు చేవెళ్లలో ఉన్నారని తెలిసి, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి వెళ్లాను. బజారులో ఒక బట్టల దుకాణం వెనక గదిలో కనిపించారు. కార్డు అందుకుని రెండు వైపులా తిప్పి చూశారు.

"తమ్మీ, రమ్మని పిలుస్తున్నరా, రావద్దని పిలుస్తున్నరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "మీకు తీరిక ఉండదేమో అని దివాన్ పంతులుగారు అనుకుంటున్నరు సార్."

ఆయన గట్టిగా నవ్వారు. "మంచిగ చెప్పినవ్. కూసో, నీళ్లు తాగు. ఏ ఊరు మీది?"

"ఎంకపల్లి సార్."

"జొన్న కోతలు అయినయా?"

కచేరీలో అన్నేళ్లలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. నాకు తెలియకుండానే నోటి వెంట వచ్చేసింది. "కాలే సార్. మా బాపును పెండ్లి పనికి పట్టుకపోతున్నరు. పోయినేడు గూడ గట్లనే పంట పోయింది."

ఆయన కార్డును పక్కన పెట్టారు. తర్వాత, "నీ దస్తూరి బాగున్నది. కాయిదం తీసి నా జవాబు రాయి" అన్నారు. ఆయన చెబుతుంటే రాశాను.

"తమ ఆహ్వానం అందింది. కుమార్తె వివాహానికి పని చేసే ప్రతి మనిషినీ ముందుగా అడిగి, ఇష్టమున్న వారి చేతనే, కూలి ఇచ్చి పని చేయించాలని తమరు తలచినట్టు భావిస్తున్నాను. కోతల రోజుల్లో రైతుల మీద చూపుతున్న ఈ దయకు ముందుగానే నా కృతజ్ఞతలు. ఈ శుభవార్త వియ్యంకులవారికి స్వయంగా చెప్పే భాగ్యం కోసమైనా తప్పక వస్తాను."

నా కలం ఆగిపోయింది. "సార్, మా రాజావారు గట్ల అనుకోలే."

"ఇంకా అనుకోలే. తిట్టుకుంట రాస్తే తలుపు మూస్తడు. థాంక్స్ చెప్పినోని మీద తలుపెట్ల మూస్తడు?" అని నా ముఖంలోకి చూశారు. "నీ నౌకరికి ముప్పని భయమైతే చింపెయ్యి. వేరే రాసి నేనే టపాల పంపుత. నీ మీద కోపం రాదు నాకు."

చింపలేదు. తిరుగు బస్సులో ఆ కవరు జేబులో కుంపటిలా ఉంది.

రాజావారు ఉత్తరం చదివి పంతులుగారికి ఇచ్చారు. పంతులుగారి ముఖం కందగడ్డ అయింది. "ఈయనకు మన ఇంటి సంగతులు ఎవరు చెప్పిన్రు? నువ్వేనా దేవదానం?"

"నేనే చెప్పిన సర్కార్" అన్నాను రాజావారి వైపు తిరిగి. "మా చేనుల జొన్న నిలబడి ఉన్నది. కోతలైనయా అని అడిగిన్రు. అబద్ధం చెప్పలేకపోయిన."

రాజావారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"పంతులూ, ఈయన నన్ను తిట్టి ఉంటే నాకు ఫికర్ లేకుండె. శాబాసన్నడు. చెయ్యని పనికి శాబాసు తీసుకొని వియ్యంకుని ముందట ఏ ముఖంతోని కూసోవాలె?" అన్నారు చివరికి. "ఊరూరికి మనిషిని పంపుండ్రి. అడగమనుండ్రి. వచ్చినోళ్లకు కూలి ఇయ్యాలె. మా తమ్ముడు అక్షింతలు తీసుకొని వకీలుసాబు దగ్గరికి పోతడు." తర్వాత నన్ను చూసి, "మరి ఆయనను ఎక్కడ కూసోబెడ్తవ్? జిల్లాకు పెద్ద, తాలూక్‌దారు సాబు గూడ వస్తున్నడు" అన్నారు.

దానికి నా దగ్గర జవాబుంది. "మన లిస్టుల వద్దు సర్కార్. పెండ్లికొడుకు వారి లిస్టుల రాస్త. వియ్యంకులవారి చుట్టమని కూసుంటరు. అప్పుడు మనల్ని అడిగేటోళ్లు ఉండరు." పంతులుగారు ముఖం మాడ్చుకునే ఉన్నా, తల మాత్రం ఊపారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి వెళ్లాను. బాపు కొడవలి నూరుతున్నాడు.

"కచేరి మనిషి వచ్చిండు బిడ్డా. 'పెండ్లి పనికి వస్తవా యోహానూ, కూలి ఇస్తరట' అని అడిగిండు. నా పుట్టుకల గట్ల అడిగినోడు లేడు."

"ఏమన్నవ్ బాపు?"

"రానన్న. మన చేను కోసుకోవాలె గద!" కొడవలి పదును వేలితో చూసుకున్నాడు. "నువ్వు జర మర్యాదగ చెప్పు. బిడ్డ పెండ్లి సల్లగ కావాలె, నేను రానందుకు నొచ్చుకోవద్దను."

పిలుపు అందుకుని రాలేకపోయేవాళ్లు మన్నించమని రాసేదాన్ని రిగ్రెట్ అంటాం. మా ఇంటి అరుగు మీద కూర్చుని, నాకు తెలిసిన అల్కాబ్ అన్నీ పెట్టి బాపు పేరుతో ఒక రిగ్రెట్ రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు. మర్నాడు రాజావారు దాన్ని రెండుసార్లు చదివారు. నాకేసి ఒకసారి చూసి, పెద్దపెద్ద అధికారుల రిగ్రెట్లున్న ఫైలులోనే పెట్టమన్నారు. పెట్టాను.

పెళ్లిరోజు వకీలుగారు మొయినాబాద్‌లో బస్సు దిగి నడిచే వచ్చారు. వియ్యంకుడు ఎదురెళ్లి కౌగిలించుకున్నారు. తాలూక్‌దారు సాబు ఏమీ చూడనట్టు షర్బత్ తాగారు. అక్షింతలు వేసి తిరిగి వెళ్తూ వకీలుగారు నా బల్ల దగ్గర ఆగారు.

"మీ బాపు ఏడి తమ్మీ? కనిపించలే."

"రాలే సార్. పిలిచిన్రు, రానన్నడు. చేను కోస్తున్నడు."

ఆయన నా భుజం మీద చేయి వేసి గట్టిగా నొక్కారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వేల పిలుపులు రాశాను. కాదనే వీలు లేని పిలుపు హుకుమే తప్ప పిలుపు కాదని నాకు నేర్పింది ఆ ముగ్గురు. అడగమన్న రాజావారికి, తిట్టకుండా అడిగించిన వకీలుగారికి నేను రుణపడి ఉన్నాను. రానని చెప్పిన మా బాపుకు అందరికంటే ఎక్కువ.