మస్తాను నాయన డ్రమ్ము

అయిదో తరగతితో చదువు చాలించినోణ్ణి నేను. అందుకే ఇందులో తెలివి వెతకొద్దండి, దొరకదు. కొత్తగా కట్టిన మేళాన్ని మొదటి పెండ్లిలోనే ఎట్లా తగలబెట్టొచ్చో మాత్రం దొరుకుతుంది.

కర్నూలు రాజధానై ఊరంతా డేరాలు లేచిన రోజులు. ముగ్గురం కలిసి మేళం కట్టినాం. మస్తాను క్లారినెట్టు, రంగన్న తాళాలు, నేను డ్రమ్ము. డ్రమ్ము మస్తాను నాయనది. పటాలం బ్యాండులో వాయించి ఆయన ఇంటికి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. ఆయన పోయినాక మస్తాను దాన్ని ఎవరినీ తాకనియ్యలేదు. నాకెందుకిచ్చినాడో దేవునికే తెలియాల.

కోయిలకుంట్ల పక్కన ఒక రెడ్డి ఇంట్లో పెండ్లి కుదిరింది. అక్కడ మెప్పిస్తే మేళం నిలబడుతుంది. లేదంటే మస్తాను మళ్లీ నాపరాళ్ల గనికి పోవాల్సిందే.

పెండ్లినాడు పొద్దున్నే రెడ్డి దొడ్లో మంచు. డ్రమ్ము మీద ఒక దెబ్బేస్తే తడి గోనెసంచిని తన్నినట్టు 'దబ్' అనింది. మా ఊర్లో తప్పెట పలక తోలు మెత్తబడితే మంటకు కాచి బిగిస్తారు. డ్రమ్ముకు పక్కన తాళ్లెందుకో నేనెప్పుడూ అడగలేదు. అందానికేమో అనుకున్నా; వాటిని లాగితేనే తోలు బిగిసేదని ఆమీద తెలిసింది. గడ్డి పోగేసి అంటించినా.

"ఏం చేస్తాండావప్పా?" అన్నాడు రంగన్న.

"బిగిస్తాండా. గమ్మునుండు."

"పొగొస్తాండాది."

"మంటకు పొగ రాక పన్నీరొస్తుందా?"

ఫట్! రెడ్డిగారి ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి.

మస్తాను ఉరికొచ్చినాడు. చినిగిన తోలును చేత్తో నిమిరినాడు. తిట్టింటే బాగుండు. "మా నాయన ఈడ పట్టుకునేటోడు," అని అరిగిన అంచొకటి చూపించినాడు. అంతే.

అంతలో పెండ్లికొడుకు బండ్లు వచ్చేసినాయి. "ఎదురుకోలుకు మేళం యాడప్పా? పండుకున్యారా?" రెడ్డి అరుస్తాండాడు.

మస్తాను కండ్లు తుడుచుకున్నాడు. డ్రమ్ముకుండిన తోలుపట్టీ విప్పి, వంటోళ్ల ఖాళీ నూనె డబ్బాకు కట్టి, నా మెడకేసినాడు.

"దీన్నా?"

"కొట్టు. దీన్ని కాచే పనిలేదు."

కొట్టినా. తప్పు కడుక్కునేటోని మాదిరి కొట్టినా. జనం మొదట నవ్వినారు. ఆమీద పిల్లోళ్లు ఎగిరినారు. కడకు పెండ్లికొడుకు తాతే పైగుడ్డ నడుముకు చుట్టుకుని దిగినాడు. కొన్నాళ్లకు నందికొట్కూరు నుంచి కూడా కబుర్లు: "డబ్బా మేళమోళ్లే రావాల. డ్రమ్ము తెచ్చేటట్టుంటే వద్దు."

ఆ సంపాదనతో మస్తాను డ్రమ్ముకు కొత్త తోలేయించినాడు. రంజాను పండగనాడు నన్ను ఇంటికి పిలిచి, "వాయించు. మా నాయన విని శానా దినాలాయ," అన్నాడు. ఇచ్చేముందు నా జేబు తడిమి అగ్గిపెట్టె తీసుకున్నాడు.

ఆ డ్రమ్ము మీద చెయ్యిపెట్టి ఒట్టేసినా: ఈ జన్మలో బీడీ కూడా ముట్టించను. ఇప్పటిదాకా తప్పలేదు. పొగాకు నములుతాండా.