వీడియోలో పడకూడని మనిషి

నిన్న బరంపురంలో మా కోడలు ఆ పాత వీడియో క్యాసెట్ పెట్టె తెరవగానే బూజు కంపు, తడిసిన ఎండుచేపల గోతాం కంపు కలిసి ముక్కులో గుచ్చుకున్నాయి. ఆ కంపే నన్ను చిలికా ఒడ్డున మా ఊరు రంభలో మా పెద్దక్క పెళ్లిపందిట్లోకి ఈడ్చుకుపోయింది. మా అమ్మకు ఫోటో లేదు. ఒక్కటీ లేదు. మా గడపకు కెమెరా వచ్చింది ఆ పెళ్లికే, అమ్మ మొహం ఎక్కడైనా మిగిలుంటే అందులోనే మిగలాలి.

చలికాలం పెళ్లి. పచ్చి తాటాకు పందిరి వాసన, పులుసులో ఉడికే చిలికా రొయ్యల వాసన, వీడియో లైటుకి మాడి చచ్చే పురుగుల వాసన, ఆ లైటు వైరు పట్టుకుని వీడియో ఆయన వెనక తోకల్లా తిరిగే మేం పిల్లలం, వైరు తొక్కితే మొట్టికాయ, తప్పించుకుంటే అరిసె. నాకు వీటన్నిటికంటే గుర్తున్నది పెదనాన్న అరుపు. నాన్న పోయాక ఇంటికి ఆయనే పెద్ద. తాళి లేని ఆడది వీడియోలో పడితే కీడని అమ్మను పొయ్యిల దగ్గర కూర్చోబెట్టేశాడు. కన్నకూతురి పెళ్లికి! వండిపెట్టే చేతులు పనికొచ్చాయి, మొహం పనికిరాలేదు. మా ఆయన పోయాక నన్నూ అలాగే పక్కకు నెట్టబోయారు, నేను నెట్టించుకోలేదు.

కోడలి కంప్యూటర్‌లో లైనక్స్ అనేదేదో ఉంది. క్యాసెట్‌ను అందులోకి ఎక్కించడానికి వీసీఆర్‌కీ దానికీ మధ్య వేలెడంత క్యాప్చర్ డబ్బీ తగిలించింది. శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు.

"ఏటే, నీ పెట్టెకి సెవులే గానీ కళ్లు నేవా?" అన్నాను.

"డ్రైవరు ఈ డబ్బీని ఇంకో మోడలనుకుంతంది, అత్తా. దీని మాట కంప్యూటర్‌కి సెప్పేది అదే. కూసింత నోరు మూసుకో."

అంతలో ఆ నల్లటి తెరలోంచే పెదనాన్న. "కెమెరా ఆపు! మొగుడు పోయినదాన్ని ఎవుడు రమ్మన్నాడు? పొయ్యికాడికెల్లు!" చచ్చి ఇన్నేళ్లయినా గొంతులో పొగరు చావలేదు. వెంటనే అమ్మ: "అచ్చింతలేసి ఎల్లిపోతాను, బావగోరూ."

"ఎనక్కి తిప్పే!" అని అరిచాను.

కోడలు గొణుక్కుంటూ డ్రైవర్ని తీసేసింది, అసలు మోడల్ నంబర్ తానే కొట్టి మళ్లీ ఎక్కించింది. తెర వెలిగింది. క్యాసెట్ వెనక్కి తిప్పింది.

పెదనాన్నకు జడిసి వీడియో ఆయన కెమెరా కిందికి దించాడు గానీ ఆపలేదు. పేడ అలికిన నేల, తొక్కేసిన ముగ్గు, రెండు పాదాలు. మెట్టెలు లేవు. మడమలు తెల్లగా చీలి ఉన్నాయి. నాన్న పోయాక అమ్మ పక్కనున్న హుమ్మ ఊరి ఉప్పుమళ్లలో పనికి వెళ్లేది; సందెవేళ మేం గోరువెచ్చటి ఆముదం రాస్తుంటే ఆ చీలికల్లోంచి ఉప్పు రాలేది, మంటకు కాలు విదిల్చి మమ్మల్ని తన్ని, మళ్లీ తనే నవ్వేది. వానలకు మళ్లు మునిగి పని ఆగితే గానీ ఆ పుండ్లు మానేవి కావు.

పాదాలు కాసేపు నిలబడ్డాయి. తిరిగి వెళ్లిపోయాయి. నేల మీద నాలుగు పసుపు బియ్యపు గింజలు.

"అత్తా, ఈ ముక్క కోసెయ్యనా? ఉట్టి నేలే పడింది," అంది కోడలు.

ఇప్పుడు రంభలో ఆ ఇల్లు లేదు. పందిట్లో కూర్చున్న అక్క లేదు. అమ్మ మొహం, కళ్లు మూసుకుని ఎంత వెతుక్కున్నా, నాకే సరిగా రావడం లేదు.

"పెళ్లి కోసెయ్యే," అన్నాను. "నేల ఉంచు."