కట్ట మీద ఫోను

మా ఊళ్లో సిగ్నల్ ఇంటి ముందున్న రాతికట్ట మీదే అందుతుంది. గడప దాటి లోపలికొస్తే గీతలు మాయమైపోతాయి. అందుకే మా ఇంటి పెద్ద ఫోను ఎప్పుడూ ఆ కట్ట మీదే, కిటికీ కింద ఉంటుంది. మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తుతారు. వాన కోసం చూసేవాళ్లు, శెనక్కాయల ధర చూసేవాళ్లు, పొద్దుపోక వీడియోలు చూసేవాళ్లు, అందరికీ అదే ఫోను. ఛార్జింగ్ పెట్టేది నేను, దుమ్ము తుడిచేది నేను, అయినా అది నాదని ఎవరూ అనుకోరు. ఆ ఎండాకాలం దాకా నేను కూడా అనుకోలేదు.

ఆ ఎండాకాలం నాకు నెలనెలా రక్తం ఎక్కువగా పోయేది. నీరసంతో చేను దాకా కూడా నడవలేకపోయేదాన్ని. గోరంట్లలో చూపించుకుంటే, డాక్టరు స్కానింగ్ రిపోర్టు ఒకసారి తిప్పి చూసి గర్భసంచి తీసేద్దామన్నాడు. "పిల్లలు పుట్టినారు గదమ్మా, ఇంకెందుకది?" అన్నాడు. మా వైపు అది మామూలు మాటే. మా వీధిలో నా ఈడు ఆడవాళ్లలో చాలామంది తీయించుకున్నవాళ్లే. కొన్నాళ్లు మంచాన పడి లేచి, మళ్లీ కలుపు తీయడానికి పోతారు. "విత్తనం ఏసే లోపల అయిపోతే మేలు" అన్నాడు మా ఆయన. ఆయన మంచివాడే. కానీ నా ఒంటి గురించి నన్ను తప్ప అందరూ నిర్ణయానికి వచ్చేయడం నాకు నచ్చలేదు. తీయించుకోవాలో వద్దో ముందు నేను తెలుసుకోవాలి, ఆ మాట నేనే చెప్పాలి. ఇదొక్కటే పట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం కట్ట మీద ఎవరూ లేనప్పుడు ఫోన్లో కొట్టాను: గర్భసంచి తీయకుండా రక్తం ఆగుతుందా? చాలా పేజీలు వచ్చాయి. తెలుగులో ఉన్నవాటిని నిదానంగా చదువుకున్నాను. అన్నిటికీ ఆపరేషనే దారి కాదని, కొన్నిటికి మందులున్నాయని అర్థమైంది. ఇంకా చదవాల్సింది చాలా ఉంది. పాలవాళ్లు వచ్చే వేళయిందని ఫోను కిటికీ కింద పెట్టేసి లేచాను.

మర్నాడు పొద్దున మా బావ, అంటే మా ఆయన అన్న, ఎప్పటిలా వచ్చి కట్ట మీద కూర్చున్నాడు. పక్కిల్లే ఆయనది. ఊరి రాజకీయమంతా మా కట్ట మీదే నడుపుతాడు, కాబట్టి చుట్టూ నలుగురు ఎప్పుడూ ఉంటారు. గాలివాన సంగతి చూద్దామని 'గ' అని కొట్టాడు. కొట్టగానే కింద నా ప్రశ్న మొత్తం వచ్చి నిలబడింది. పేపరు చదివినట్టు దాన్ని పైకే చదివేశాడు. చదివాక గానీ అదేమిటో ఆయనకు తట్టలేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ నేల చూపులు చూశారు. నేను కాఫీ గ్లాసులతో గడపలో నిలబడి ఉన్నాను. తల కొట్టేసినట్టయింది. అంతటితో పోలేదు. ఆ రోజు నుంచి బావ గొర్రెల సంత వీడియో పెట్టినా మధ్యలో ఆడవాళ్ల ఆసుపత్రి ప్రకటన వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆయన దగ్గి, ఫోను బోర్లా పెట్టేవాడు.

సిగ్గు ఆ పూటకే. తర్వాత ఒళ్లు మండింది. నా తప్పేముంది ఇందులో? ఇక చదవడం మానేస్తాననుకున్నారేమో, నేను మానదలుచుకోలేదు.

సోమందేపల్లెలో బస్సు దిగి, ఫోన్లు బాగుచేసే అంగట్లోకి నేరుగా వెళ్లాను. "నేను చూసింది ఫోన్లో మిగలకూడదు. ఎట్ల?" అన్నాను.

"ఏం దాస్తాండావక్కా అంతగా?" అన్నాడు అంగడాయన నవ్వుతూ.

"మీ ఇంట్లో నీళ్లు పోసుకునే గదికి తలుపు లేదా? దొంగసొత్తు దాచేదానికేనా పెట్టుకున్న్యావు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఉన్న బ్రౌజర్‌లోనే రహస్య కిటికీ ఒకటి తెరుచుకుంటుందని చూపించాడు. చూసినవి అందులో గుర్తుండవట, మూసేస్తే చాలట. సంతోషంగా ఇంటికొచ్చాను.

మూసేస్తే చాలు, నిజమే. మూయనిస్తే కదా. రెండో రోజు నేను చదువుతుండగా పొయ్యి మీద ఎసరు పొంగింది. ఫోను అక్కడే పెట్టి లోపలికి ఉరికాను. అంతలో ఫోను మోగింది. మా ఇంటి అలవాటు చెప్పాను కదా, మా అత్త ఎత్తింది. మాట్లాడటం అయ్యాక, నేను తెరిచిన పేజీ అలాగే బయటపడింది. దాన్లో గర్భసంచి బొమ్మ పెద్దదిగా ఉంది. అత్తకు చదువు రాదు కాబట్టి బతికిపోయాననుకున్నాను. ఆమె మాత్రం ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫోను కిటికీ కింద పెట్టేసింది.

ఇలా కాదని, వేరే బ్రౌజర్లే తెచ్చుకుని చూడటం మొదలుపెట్టాను. ఒకటి తెరవగానే సినిమావాళ్ల పెళ్లిళ్లు, విడాకులు, అప్పులిస్తామనే పిలుపులు. నేనడిగింది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తీసి పారేశాను. ఇంకొకటి అంతా ఇంగ్లీషు, పైగా ముందు నా పేరూ ఊరూ చెప్పమంది. నా సంగతి దాచమంటే నా సంగతే అడుగుతుందేం? అదీ పోయింది. మరొకటి గట్టిదే గానీ మరీ గట్టిది. ప్రకటనలతోపాటు పేజీలనూ రానివ్వదు, వచ్చినవాటిలో అక్షరాలు చీమల్లా ఉంటాయి. మా కట్ట మీద సిగ్నల్‌కి అది తిరుగుతూనే ఉండేది. మా ఆయన చూసి "ఏందిమే, ఫోనుతో కుస్తీ పడతాండావు?" అన్నాడు. పడుతున్నానన్నాను.

చివరికి ఒకటి దొరికింది. తెల్లటి పేజీ, మధ్యలో రాసుకోవడానికి ఒక పెట్టె, అంతే. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. నోటితో అడగొచ్చు, పేజీని చదివి వినిపించమనొచ్చు. వెంటపడే ప్రకటనలను ఆపుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, కింద మూలన చిన్న బుట్ట బొమ్మ. ఒక్కసారి ఒత్తితే చూసిందంతా పోతుంది. ఎసరు పొంగినా ఒత్తి లేవొచ్చు. ఒత్తాక 'గ' కొట్టి చూశాను. ఏమీ రాలేదు. తాళం వేశాక లాగి చూసుకున్నట్టు మళ్లీ మళ్లీ కొట్టాను. ఫోన్లో చెరిగినా, సిగ్నల్ ఇచ్చే కంపెనీకీ, ఆ పేజీలవాళ్లకూ తెలిసే వీలుందని అందులోనే రాసి ఉంది. నిజం చెప్పినందుకు దాని మీద నమ్మకం ఇంకాస్త పెరిగింది. నా గొడవ ముందు కట్ట మీదివాళ్లతో. పాత బ్రౌజర్‌ను, బావ వాన సంగతి చూసుకోవడానికని, ఉన్నచోటే ఉంచేశాను.

చదవాల్సింది చదివాక మా ఆయనతో చెప్పాను, ఇంకొకరికి చూపించుకోకుండా కత్తి కింద పడుకోనని. "నీకెవురు చెప్పినారు?" అన్నాడు. "ఎవురూ చెప్పలా, నేనే చదువుకున్న్యా" అన్నాను. హిందూపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, నేను అడగాలనుకున్నవన్నీ అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది, పరీక్షలు చేయించింది, ముందు మందులతో చూద్దామంది. వానలు పడే నాటికి నేను చేను దాకా నడవగలిగాను. గర్భసంచి నాతోనే ఉంది.

విత్తనం శెనక్కాయలు ఒలుస్తూ అత్తా నేనూ పంచలో కూర్చున్న రోజు ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"ఏమ్మే, ఆపొద్దు ఫోన్లో బొమ్మ ఒకటి ఉండె. అది అదేనా?"

"అవునత్తా."

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "నాకు తీసేటప్పుడు మీ మామ కాయితం మీద ఏలిముద్ర ఏసినాడు. నన్నెవురూ అడగలా. ఎందుకు తీసినారో ఇప్పటికీ నాకు తెల్దు." ఒడిలోని పొట్టు దులుపుకుంది. "నువ్వు చూసినాక ఆ బుట్టను ఒత్తేది కిటికీలోనుంచి చూస్తానే ఉండా, ఒత్తితే అంతా పోతాది గదా. నేనూ ఒకటి అడగల్ల."

చేతిలోని కాయలు కింద పెట్టాను. లేచి కట్ట దగ్గరికి వెళ్లాను. బావ, ఆయన మనుషులు కూర్చుని ఉన్నారు.

"బావా, కొంచేపు అందరూ అట్లా పోండి. అత్తకు ఫోను కావల్ల."

"ఎవురితో మాట్లాడల్ల?"

"అది ఆమె ఇష్టం."

బావ నా మొహంలోకి చూశాడు, గడపలో నిలబడిన తల్లి మొహంలోకి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్లూ లేచారు.

అత్తను కట్ట మీద కూర్చోబెట్టి, ఎక్కడ ఒత్తి మాట్లాడాలో, ఎక్కడ ఒత్తితే చదివి వినిపిస్తుందో, బుట్ట ఎక్కడుందో చూపించాను. ఆమె వేలు పట్టుకుని ఒకసారి ఒత్తించాను. నేర్చుకుంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నేనింకా అక్కడే ఉండటం చూసింది.

"నువ్వూ లోపలికి పోమ్మే" అంది.

నేను లోపలికి వెళ్లి తలుపు వేశాను.