సూర్యాపేటకు పోయిన కోదాడ బియ్యం

సగం చదివిన పుస్తకం ఎంత ప్రమాదమో తెలియాలంటే, నిండు గృహప్రవేశాన్ని నేనెలా పస్తు పెట్టబోయానో మీరు వినాలి.

మాది పాలకీడు. ఇంట్లో అందరూ గొర్రెల వెంట, నేను పుస్తకాల వెంట. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో, ఏ లారీ ఏ ఊరికి పోవాలో కంప్యూటర్‌లో స్లిప్పులు కొట్టేవాణ్ని. ఒకసారి సూర్యాపేట లైబ్రరీలో ఆఫీసు రోబోల చరిత్ర దొరికింది. ఎంత వింతో! మొదట్లో ఒక ప్రోగ్రాం ఇంకోదాని తెర మీది అక్షరాలను గీరి తీసుకునేదట. మనిషి నొక్కిన మీటలను గుర్తుపెట్టుకుని మళ్లీ నొక్కే మాక్రోలు ఇంకోవైపు పుట్టాయట. ఈ రెండూ కలిసి పెరిగినదే రోబో. చివరి అధ్యాయం కృత్రిమ మేధ గురించి. గడువు తీరడంతో అది చదవకుండానే పుస్తకం ఇచ్చేశాను. అక్కడే పడింది దెబ్బ.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దించి, స్లిప్పు కొట్టడం దానికి నేర్పాను. మౌసు తనంతట తానే కదులుతుంటే మా సేటు జడుసుకున్నాడు.

"దయ్యం గిట్ల పట్టిందా లింగయ్యా?"

"దయ్యం గాదు సేటూ, రోబో. నేనేడ నొక్కితే గాడనే నొక్కుతది."

"మరి ఇగ నువ్వెందుకు?"

"దానికి సదువు జెప్పెటోడు ఉండాలె గదా!"

కోదాడలో సేటు చెల్లెలి గృహప్రవేశం. బియ్యం మా మిల్లువే. స్లిప్పు పని రోబోకు అప్పగించి, పెద్దమనిషిలా నేను ముందే కోదాడ చేరాను. పదకొండింటికి వంటాయన వచ్చాడు.

"బియ్యం ఏవండీ లింగయ్యగారూ? ఎసరు మరిగి మరిగి సగమైంది!"

"వస్తున్నయండీ. రోబో పంపింది."

"ఆ రోబోగారి నంబరుంటే ఇవ్వండి, నేనే మాట్లాడతాను."

నేను డ్రైవరుకు ఫోన్ చేశాను. "అన్నా, ఏడున్నవ్?"

"సూర్యాపేటల."

"గాడికెందుకు పోయినవ్?"

"నన్నడుగుతవేంది? స్లిప్పు మీద గదే ఉన్నది. దించుకునెటోడు లేక చాయ్ తాగుతున్న."

జరిగిందేమిటంటే, ఆ పొద్దున కోదాడకు బయల్దేరే ముందు మిల్లుకు వచ్చిన సేటు, కళ్లద్దాలు ఇంట్లో మరిచి, తెర మీద అక్షరాలు పెద్దవి చేశాడు. ఊళ్ల జాబితాలో వరుసలు కిందికి జారి, కోదాడ ఉన్న చోటికి దాని పైనున్న సూర్యాపేట దిగింది. మా రోబో అంటే, ముందు గొర్రె దూకిన చోటే దూకే గొర్రె. నేను నేర్పిన చోటే నొక్కింది. తెరను చూసి, చదివి, ఊరి పేరు పోల్చుకునే కళ్లు దానికి కృత్రిమ మేధ ఇస్తుందని నేను చదవని ఆ అధ్యాయంలోనే ఉందట!

సేటు నన్ను పక్కకు లాగాడు. "మిల్లున్నోని చెల్లె ఇంట్ల అన్నం లేదంటే మొఖం యాడ పెట్టుకోవాలెరా పండితా?"

దగ్గరున్న ఒకే ఒక దుకాణంలో మా పక్క మిల్లు బస్తాలే ఉన్నాయి. ఆ మిల్లాయనకూ మా సేటుకూ ఏళ్లుగా మాటల్లేవు. సేటు ముఖం పక్కకు తిప్పుకుని, "తే పో" అన్నాడు. బస్తాలు నేనే మోశాను.

పంక్తిలో ఒక పెద్దాయన రెండో మారు వడ్డించుకుని, "ఎంతైనా మీ మిల్లు బియ్యం మీ మిల్లు బియ్యమే సేటూ! మల్లెపూలే అనుకోండి!" అన్నాడు.

సేటు దణ్ణం పెట్టాడు. నావైపు చూసిన చూపు మాత్రం దణ్ణం కాదు.

ఏ యంత్రం పంపానన్నా సరే, బస్తా మీద చెయ్యి పెట్టి చూడనిదే బియ్యం చేరిందని నమ్మనని, విస్తట్లో అన్నం ముట్టుకుని అక్కడే ఒట్టేశాను. ఆ అన్నమూ పక్క మిల్లుదే.