ఇద్దరే చదవగలిగే అక్షరాలు

2003లో నందిగామ బస్టాండు దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. డీటీపీ అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి, పేజీలు కట్టి ప్రెస్సుకు సిద్ధం చేయడం. పెళ్లి కార్డులు, ప్రార్థన కూటాల కరపత్రాలే ఎక్కువగా వచ్చేవి. ఆ వేసవిలో వీరులపాడు నుంచి యోహాను అనే టీచరుగారు వచ్చి నా ముందు కొన్ని కాగితాలు పెట్టారు. వాటి నిండా వంపులు, కొక్కేలు, చుక్కలు. ఏ భాషో నాకు అంతుబట్టలేదు.

“ఇది ఎల్ఫుల భాషండి,” అన్నారాయన కాస్త సిగ్గుపడుతూ.

ఎల్ఫులంటే ఇంగ్లీషు కథల్లో అడవుల్లో బతికే, మొనదేలిన చెవుల జాతి. చిన్నప్పుడు చెల్లెలు రూతు కీళ్లజ్వరంతో నెలల తరబడి మంచం మీద ఉంటే, ఎల్ఫులు వేదాద్రి కొండల్లోకి వలస వచ్చినట్టు ఆయన కథ అల్లి చెప్పేవారట. వాళ్లకో భాష కావాలంది చెల్లెలు. తర్వాత లిపి కూడా కావాలంది. ఇద్దరూ కలిసి రెండూ తయారుచేసుకున్నారు.

“ఎప్పటికైనా ఆ కథ పుస్తకంగా వేయిస్తానని మాటిచ్చానండి. ఇప్పుడు దానికి పాప పుట్టింది.”

“సంతోషమే కదండీ, అలా ఉన్నారేం?”

“ఇంట్లో వద్దన్న పెళ్లి చేసుకుంది. నాన్న వెళ్లలేదు, నేనూ వెళ్లలా. ఇప్పుడు ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తంది.”

పని ఒప్పుకున్నాను. అక్షరాలు స్కాన్ చేసి, ఒక్కోదాన్ని ఒక్కో కీకి కట్టి ఫాంట్ తయారుచేశాను. ఫాంట్ అంటే కంప్యూటర్‌కు మనం నేర్పే చేతిరాత. అసలు చిక్కు అచ్చులతో వచ్చింది. మన ‘కి’ మీది గుడిలాగా అవి హల్లు నెత్తిన కూర్చోవాలి. నేను టైప్ చేస్తే పక్కకు జరిగి నిలబడేవి. తెలుగు ఫాంట్లలో చేసినట్టే ఆ గుర్తుల వెడల్పు సున్నా చేశాక బుద్ధిగా పైకెక్కాయి. మొదటి పేజీ చేతికిస్తే యోహానుగారు పైకి చదివారు.

ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసే ప్రతి, ఆయనే దిద్దుకున్నారు. ఇంకెవరు దిద్దగలరు? పుస్తకం జగ్గయ్యపేటలో ఉంటున్న చెల్లెలికి పోస్టులో వెళ్లింది. జవాబు రాలేదు.

కొన్నాళ్లకు చంటిబిడ్డతో ఒకామె నా షాపుకొచ్చారు. చేతిలో ఆ పుస్తకం, దాని వెనక అట్ట మీద నా షాపు పేరు.

“ఇది మీరే వేశారా అండి? తప్పుంది. ‘ఇలురె’ అంటే నది. ఇక్కడ ‘ఇలురో’ అని పడింది, అంటే నత్త. ఎల్ఫులందరూ పడవలెక్కి నత్త దాటుతున్నారు. మా పాప పుస్తకంలో తప్పులుండకూడదు.”

“మీ అన్నయ్యగారిని పిలవనా?” అన్నాను. ఆమె వద్దనలేదు.

ఫోన్ చేయగానే యోహానుగారు దొరికిన ఆటో ఎక్కి వచ్చేశారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమె పలకరించకుండా పేజీ తెరిచి చూపించారు.

“నది చివరి అచ్చుకి చుక్కే కదా?” అన్నారాయన.

“కొక్కెం. అలలాగా ఉంటదని నేనే పెట్టా. మర్చిపోయావు.”

“మర్చిపోయా.”

“పాపని చూడ్డానికి కూడా రాలా.”

“ఏ మొహం పెట్టుకుని రానే?”

ఆమె పాపను ఆయన చేతుల్లో పెట్టి, కుర్చీ నా పక్కకు లాక్కున్నారు. “రండి మేడమ్, మనం దిద్దుదాం. అన్నయ్యకి వదిలేస్తే ఇంకేం మారుస్తాడో.”

ఆయన తల దించుకుని పాప చెవులు నిమురుతూ ఉండిపోయారు.

వాళ్ల నాన్నగారు మనసు మార్చుకున్నారో లేదో నాకు తెలియదు. దిద్దిన పుస్తకం తీసుకోవడానికి మాత్రం అన్నాచెల్లెళ్లు కలిసే వచ్చారు. రాసినవాళ్లు తాము రాశామనుకున్నదే చదువుతారని ఆ పనితో నాకు తెలిసింది. అప్పటినుంచి ఏ ప్రూఫైనా, అది ఎవరి కోసమో వాళ్లకు కూడా చూపించమని అడిగేదాన్ని. పెళ్లి కార్డులకు దానివల్ల ఆలస్యమయ్యేది, రెండు వైపులవాళ్లూ నా షాపులోనే వాదించుకునేవాళ్లు. నేను టీ తెప్పించి కూర్చోబెట్టేదాన్ని.