మంచం నుంచి పదమూడు అడుగులు

మేకు కొట్టకూడదు. గోడలకు ఏమీ అంటించకూడదు. డ్రిల్లింగ్ మాట అసలు ఎత్తకూడదు. పటాన్‌చెరులో నేను అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ ఇంటావిడ మొదటి రోజు చెప్పిన మాటలు ఇవే. ఇదివరకైతే నాకు పట్టింపు ఉండేది కాదు. గోడకు తగిలించేంత గొప్ప బొమ్మలు మా దగ్గరేం ఏడ్చాయి గనక! నాన్నకు చూపు పోయాక గాని ఒక్క మేకు విలువేమిటో తెలియలేదు.

నాన్న గుంటూరు వైపు నుంచి పెళ్ళికి ముందే వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక మాకు అద్దె ఇళ్ళే గతి. అమ్మ పోయింది. నా పెళ్ళి నిలవలేదు. మిగిలింది మేమిద్దరం. షుగరు ముందు ఆయన ఒక కన్నును, ఏడాది తిరక్కుండా రెండో కన్నును మింగేసింది. నేను మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరు దాటాకే. అంతసేపూ నాన్న ఒక్కడే ఉండాలి.

చూపు పూర్తిగా పోయిన వారంలోనే ఆయన నన్ను ఒకే ఒక్క కోరిక అడిగాడు.

"అన్నం నువ్వే పెట్టు, బట్టలు నువ్వే ఉతుకు, కాదనను. బాత్రూంకి మాత్రం నా అంతట నేను పోయేట్టు చూడమ్మా. కూతురి చెయ్యి పట్టుకుని అక్కడికి పోయే రోజు నాకొద్దు."

మంచం నుంచి బాత్రూందాకా గోడకు ఒక కడ్డీ బిగిస్తే సరిపోయేది. ఆ మాటే ఇంటావిడ దగ్గర ఎత్తాను.

"వద్దు బిడ్డా, గోడ పాడైతది. మీరు పోయినంక మళ్ళ నేనే గదా చేయించుకునుడు," అంది.

ఒళ్ళు మండింది. కాని ఏమనగలను? మొగుణ్ణి వదిలేసిన ఆడదానికి, గుడ్డి తండ్రికి ఇల్లివ్వడమే గొప్ప అన్నట్టు చూసేవాళ్ళ మధ్య ఉన్నాను. నోరు మూసుకుని నైలాను తాడు కొనుక్కొచ్చాను. కిటికీ ఊచకు ఒక కొస కట్టి, గది తలుపు గొళ్ళెం మీదుగా లాగి, బాత్రూం తలుపు గడియకు రెండో కొస కట్టాను. నాన్న దాన్ని తడిమి చూసి, ఇది ముడా, జడా అని ఎగతాళి చేశాడు. అన్నీ విప్పించి తన చేత్తో మళ్ళీ బిగించుకున్నాడు. వంటగదికి తిరిగే చోట రెండు ముళ్ళు, బాత్రూం దగ్గర మూడు. బాత్రూం ముందు కాలికి గరుగ్గా తగిలేలా గోనెపట్టా పరిచాను. ఫ్యాను స్విచ్చి తెలియడానికి దాని మీద రాళ్ళ బొట్టుబిళ్ళ అంటించాను. దాని మీద వేలు పెట్టి, "స్విచ్చికి కూడా పేరంటమేనా?" అని నవ్వాడు. చూపు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. మంచం నుంచి బాత్రూంకి ఆయన అడుగులు పదమూడు. నెల తిరిగేసరికి తాడు ముట్టుకోకుండానే పోయి వచ్చేవాడు.

ఏడాదిన్నర అలా గడిచింది. తర్వాత ఇంటావిడ చిన్న కొడుక్కి సంబంధం కుదిరింది. ఇల్లు కావాలంది. తప్పు పట్టడానికి లేదు, ఆవిడ ఇల్లు ఆవిడది. తాడు విప్పాను, బొట్టుబిళ్ళ గీకాను, జిగురు మరకలు కిరోసిన్‌తో తుడిచాను. మస్తు సాఫ్‌గా ఉంచినవు బిడ్డా అని ఆవిడ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకు నాకు ఏడుపొచ్చింది.

ఆరు ఆదివారాలు తిరిగాను. ఇల్లు కింది అంతస్తులో ఉండాలి, బాత్రూం లోపలే ఉండాలి. పెద్దాయనకు కళ్ళు లేవంటే కొందరు గేటు దగ్గరే మాట మార్చేశారు. చివరికి లక్డారం పోయే దారిలో ఒక పోర్షన్ దొరికింది. మంచం వేసే చోట నిలబడి నాన్నలా చిన్న అడుగులు వేసి చూశాను. సరిగ్గా పదమూడు. ప్రాణం లేచొచ్చింది. ఒక్కటే తేడా. పాత ఇంట్లో బాత్రూం ఎడమ చేతి వైపు, ఇక్కడ కుడి చేతి వైపు. పాత ఇంట్లో సందులోకి తెరుచుకునే తలుపు కుడివైపు, ఇక్కడ ఎడమవైపు. అద్దంలో చూసినట్టుంది అంతే కదా అనుకున్నాను. అంతే కదా అట! నా తెలివి తగలెయ్య.

మంచం తిప్పి వేసి చూశాను. బాత్రూం ఎడమకొచ్చింది గాని వంటగది వెనక్కి పోయింది. సరేలెమ్మని మంచం మొదటిలాగే వేసి, తాడు కుడివైపు కట్టాను. ఈసారి కుడి నాన్నా, కుడి, అని పదిసార్లు అప్పజెప్పించాను. చెప్పిన ప్రతిసారీ బుద్ధిగా తలూపాడు.

మూడో రోజు పొద్దున నేను పొయ్యి దగ్గరున్నాను. ఉక్కగా ఉందని సందు తలుపు తీసింది నేనే. నాన్న నిద్రలోంచి లేచాడు. మాట గుర్తుంది, కాళ్ళకే గుర్తు లేదు. ఎడమకు తిరిగాడు. తాడు కోసం తడమలేదు, పాత ఇంట్లో దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది మరి. లెక్క ప్రకారం అడుగులు వేసుకుంటూ తలుపు దాటి, రెండు మెట్ల మీంచి సందులో పడ్డాడు. చప్పుడు విని నేను పరిగెత్తేసరికి పంచె తడిసిపోయి ఉంది. ఎదురింటి ముసలాయన పరుగున వచ్చి, "అయ్యో సాబ్, జెర పైలం," అంటూ లేపాడు. మణికట్టు విరిగింది. దానికి కట్టు కట్టారు, నెలన్నరకు అతుక్కుంది కూడా.

ఆయన ధైర్యానికి కట్టు కట్టేవాళ్ళెవరూ దొరకలేదు. తాడుకు ఇంకో తాడు జత చేశాను. సందు తలుపుకు అడ్డంగా బీరువా జరిపాను. నేను ఇంట్లో ఉన్నప్పుడు రెండు చేతులా తాడు పట్టుకుని పోయేవాడు, నేను అలికిడి లేకుండా వెనకే నడిచేదాన్ని. నేను లేనప్పుడు కూడా పోతున్నానని చెప్పేవాడు. నమ్మాను. నమ్మకపోతే బస్సెక్కలేను.

మంచం పక్కన స్టూలు మీద రోజూ నీళ్ళ సీసా నింపి పెట్టి వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం వచ్చి చూస్తే మూత కూడా తియ్యలేదు. మర్నాడూ అంతే. షుగరు మనిషివి, నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయని డాక్టరు మొత్తుకున్నాడు కదా, నన్ను చంపుదామనుకున్నావా అని అరిచాను. నా నోరు మంచిది కాదు.

"తాగితే లేవాలి కదమ్మా," అన్నాడు.

గ్లాసులో నీళ్ళు పోసి నోటికి అందించాను. గడగడా తాగాడు. కాసేపటికి లేవబోయి, కళ్ళు తిరిగి మంచం మీద కూలబడ్డాడు. తాడు ఆయన భుజం దగ్గరే ఉంది. దాన్ని వెతకలేదు. గాల్లోకి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. ఇద్దరం బాత్రూం వైపు నడిచాం. తలుపు దగ్గర, చూపు లేని మనిషి, నా ముఖం చూడలేనట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.