బూజు పట్టని క్యాసెట్

ఆరేళ్లుగా నా బీరువాలో, స్వెటర్ల అడుగున, ఒక పాత వీడియో క్యాసెట్ ఉంది. రెండుసార్లు ఇల్లు మారాం. రెండుసార్లూ దాన్ని నా కోటు జేబులోనే తెచ్చుకున్నాను. నా భార్యకు చెప్పనిది మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే నోరు పెగులుతోంది.

ఒకప్పటి హిందీ హీరో ఒకాయన. తన సినిమాలు తానే డైరెక్టు చేసుకునేవాడు. పేరు చెప్పను. భార్యను హీరోయిన్‌గా పెట్టి తీసిన ఆఖరి సినిమాతో ఇల్లూ పరువూ పోగొట్టుకున్నాడు. ప్రింట్లు గోడౌన్‌లోనే పాడైపోయాయి. ఆ సినిమా పాటలో ముఖం ఆమెది, పాదాలు మా అమ్మవి. అమ్మ మద్రాసులో గ్రూప్ డాన్సర్. సిమెంటు నేల మీద రోజుల తరబడి ఆడితే మడమలు పగిలి నెత్తురు కారింది. టైటిల్స్‌లో పేరు వేస్తానన్నాడు, వెయ్యలేదు. అడగడానికి వెళితే యూనిట్ అందరి ముందూ నవ్వాడట.

"కాళ్లకు కూడా పేరుంటుందా?"

ఆ మాట అమ్మ పోయేదాకా మరిచిపోలేదు. నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆరేళ్ల కిందట లండన్‌లోని వెంబ్లీలో ఆయనకు సన్మానం పెట్టారు. షెఫీల్డ్‌లో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీకెండ్స్‌లో వీడియో ఎడిటింగ్. ఆయన జీవితం మీద ఇరవై నిమిషాల ఫిల్మ్ చేయమని నాకే అప్పగించారు. ఒకప్పుడు అక్కడ క్యాసెట్లు అద్దెకిచ్చిన ఒక అంకుల్ ఆ ఆఖరి సినిమా కాపీ తెచ్చిచ్చాడు. చనిపోయిన భార్యను మళ్లీ తెర మీద చూడొచ్చని, ఎనభై దాటిన ఆ మనిషి ముంబై నుంచి విమానం ఎక్కాడు.

ఆమె ఉన్న ప్రతి షాటూ, ఆ పాటతో సహా, తీసేశాను. తటపటాయించానా? లేదు. ఈల వేసుకుంటూ తీసేశాను.

ఫిల్మ్ అయిపోయాక ముందు వరసలోంచి నన్ను పిలిచాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమె రాలేదేం, బేటా?"

"టేపుకి బూజు పట్టింది సార్. ఏమీ మిగల్లేదు."

"పాట కూడానా?"

"పాట కూడా."

నా చెయ్యి వదిలేసి చేతికర్ర కోసం వెతుక్కున్నాడు. ఆ చలికాలంలోనే పోయాడు. జాలి వేసిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కడుపు చల్లబడింది, అదే నిజం. ఇప్పుడు కూడా ఆయన మీద పూర్తిగా జాలి రావడం లేదు.

మరి ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? పోయిన నెల మా అమ్మాయి డాన్స్ క్లాసు నుంచి వచ్చి, "డాడీ, నానమ్మ డాన్స్ వీడియో ఏదైనా మన దగ్గర ఉందా?" అంది.

క్యాసెట్ పై గదిలోనే ఉంది. కానీ సన్మానం రోజు హాల్లో నా పక్కనే కూర్చున్న నా భార్య, వంటగదిలోంచి వింటోంది. ఆ టేపు బూజు పట్టి పోయిందని ఆమె కూడా నమ్మింది.

"లేదమ్మా," అన్నాను.

అమ్మను తెర మీద నుంచి తీసేసినవాళ్లు ఇద్దరు. ఒకడు పోయాడు. రెండోవాణ్ని నేను. ఇది ఇన్నాళ్లకు ఒక్కసారి రాయగలిగాను.